ఆరు రోజుల కోర్సుకు ముప్పై అయిదు వేలు కట్టాలా?

ప్రశ్న: మేడమ్, మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రాశాను కానీ ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు కాదు. అమ్మ బీడీలు చేస్తుంది. ఏళ్ల నుంచి మెడ, కుడి భుజం నొప్పి. మొన్న చలికాలం కోరుట్లలో ఎవరో క్యాంపు పెట్టి బోవెన్ థెరపీ చేశారు. మందు లేదు, నూనె లేదు, బట్టల మీద నుంచే వేళ్లతో మెల్లగా అన్నారు. ఆ రాత్రి అమ్మ ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది. అది నాకు నేర్చుకోవాలనిపించింది. ఆరు రోజుల కోర్సుకు 35 వేలు అడుగుతున్నారు. ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తారట, క్లినిక్ పెట్టుకోవచ్చట. నాన్న దుబాయ్ నుంచి పంపుతా అంటున్నాడు. మామయ్య మాత్రం వద్దంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: బిడ్డా, ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడు కట్టకు. మీ మామయ్య ఎందుకు వద్దన్నాడో నాకు తెలియదు, నా కారణాలు నేను చెప్తాను.

అమ్మ నిద్రపోయిందన్నావు. దాన్ని నేను కొట్టిపారేయను. బీడీలు చేసే తల్లి రోజు ఎట్లా గడుస్తుందో నీకు నేను చెప్పాలా? ఒళ్లో చాట, చేతిలో కత్తెర, తల వంచితే మళ్లీ ఎత్తేది వెయ్యి లెక్క పూర్తయ్యాకే. అట్లాంటి మనిషిని ఎవరో పట్టపగలు పడుకోబెట్టి, 'ఏం చేయకమ్మా, ఊరికే ఉండు' అన్నారు. బోవెన్ పద్ధతిలో చేసేది కూడా తక్కువే. కండరం మీద, నరం మీద బొటనవేలితో మెల్లగా ఒకసారి దొర్లించినట్టు కదిపి, కొన్ని నిమిషాలు వదిలేస్తారు. చాలాసార్లు చేసే మనిషి గదిలోంచి బయటికి వెళ్లిపోతాడు కూడా. మళ్లీ వచ్చి ఇంకోచోట. విరవడం, గుంజడం ఉండవు. మన చర్మంలో నెమ్మదైన స్పర్శకే బాగా పలికే నరాల పోగులున్నాయి. సెకనుకు మూడు సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. పసిబిడ్డ వీపు మీద తల్లి చెయ్యి కదిలే వేగం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి ఆ హాయి నిజం. అది ఆ వేళ్ల కదలిక మహిమా, చాన్నాళ్లకు దొరికిన ఆ గంట విశ్రాంతి మహిమా అన్నది ఒక్క రాత్రి నిద్రతో తేలదు.

తేల్చడానికి పెద్దవాళ్లు ప్రయత్నించారు. ఈ పద్ధతి పుట్టింది ఆస్ట్రేలియాలో, గీలాంగ్ ఊళ్లో. టామ్ బోవెన్ అనే ఆయన సిమెంటు కర్మాగారంలో పనిచేసినవాడు, వైద్యం చదవలేదు. చేతి నైపుణ్యంతో పేరు తెచ్చుకున్నాడు. 1981లో ఆస్టియోపాత్‌గా, అంటే ఎముకలకు, కండరాలకు చేతితో చికిత్స చేసేవాడిగా నమోదు కావాలని దరఖాస్తు పెట్టుకుంటే ఒప్పుకోలేదు. మరుసటి ఏడు చనిపోయాడు. తర్వాత ఆయన దగ్గర చూసి నేర్చుకున్నవాళ్లు దాన్ని కోర్సుగా మార్చి దేశదేశాలకు తీసుకెళ్లారు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇలాంటి సహజ చికిత్సలను సమీక్షించి, బోవెన్ పనిచేస్తుందనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదని చెప్పింది. 2019 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ ఆపేసిన 16 చికిత్సల్లో బోవెన్ ఒకటి. ఆ పదహారులో అప్పుడు యోగా కూడా ఉంది సుమా! కాబట్టి దీన్నిబట్టి బోవెన్ మోసం అనకూడదు. పుట్టింట్లోనే దాని పరిస్థితి ఇది, 'ఇంటర్నేషనల్' అన్న మాటకు 35 వేల బరువు లేదు అని మాత్రం అనొచ్చు.

అసలు చిక్కు కోర్సు పూర్తయ్యాక మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. నాలుగు రకాల థెరపీలు నేర్చుకుని నాలుగు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించుకున్నాడు. హనుమకొండలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్తే వాళ్లు అడిగింది ఒక్కటే, రిజిస్ట్రేషన్ నంబరు. అది లేదు. సొంతంగా గది తీసుకున్నాడు. బస్సులో దూరప్రయాణం చేసి వచ్చిన ఒక పెద్దాయన పిక్క వాచి ఎర్రబడితే నొప్పి అనుకుని పట్టబోయాడు. పక్క మందుల షాపాయన చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. అట్లాంటి పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, నలిపితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, కాళ్లు మొద్దుబారినా, జ్వరం ఉన్నా, ఉన్నట్టుండి బరువు తగ్గినా చెయ్యి వేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. ఎక్కడ తాకాలో ఆరు రోజుల్లో నేర్పొచ్చు. ఎక్కడ తాకకూడదో తెలియాలంటే శరీరం చదవాలి, దానికి ఏళ్లు పడతాయి.

నీ చేతికి ఆ పని మీద మనసు పుట్టింది కాబట్టి నేనైతే ఫిజియోథెరపీ, అంటే బీపీటీ, వైపు చూడమంటాను. నొప్పి, కదలిక, చేతితో చేసే చికిత్స అన్నీ అందులోనే ఉన్నాయి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం కింద ఆ వృత్తికి జాతీయ కమిషన్ ఉంది. నీకు నమోదు, నంబరు, ఆసుపత్రి ఉద్యోగం, కావాలంటే సొంత క్లినిక్, అన్నిటికీ దారి ఉంటుంది. మన రాష్ట్రంలో ఎక్కువ సీట్లు ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఇదివరకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లుండేది, కొత్త ప్రణాళికలో ఐదేళ్లు చేశారు. ప్రవేశ నిబంధనలు కూడా మారుతున్నాయి కాబట్టి పోయినేడు చేరిన అక్క చెప్పిన మాట నమ్మకుండా ఈ ఏడు నోటిఫికేషన్ నువ్వే చదువు. నీట్ స్కోరు కార్డు పనికిరాదని పారేయకు, దాచుకో.

నూనె, నీళ్లు, మర్దన, యోగా అంటేనే నీకు ఇష్టమైతే బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి చికిత్స, యోగా డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు. ప్రకృతి చికిత్సకు హైదరాబాద్‌లో ప్రభుత్వ గాంధీ కాలేజీ ఉంది. అంతకాలం చదవలేనంటే పంచకర్మ టెక్నీషియన్ వంటి చిన్న కోర్సులున్నాయి, ఆయుర్వేద ఆసుపత్రుల్లో పని దొరుకుతుంది, జీతం మాత్రం తక్కువగానే మొదలవుతుంది. స్పా ఉద్యోగాల గురించి అడగలేదు కానీ చెప్తున్నాను: పెద్ద హోటళ్లలో మర్యాదైన కొలువులు ఉన్నాయి, అదే బోర్డు పెట్టుకుని ఇంకేవో నడిపే చోట్లూ ఉన్నాయి. ఆడపిల్లవు, ఇంట్లో పెద్దవాళ్లు చూసి రాకుండా ఎక్కడా చేరకు.

బీపీటీ మూడో ఏడుకొచ్చాక బోవెన్ నేర్చుకోవాలనిపిస్తే నేర్చుకో. అప్పుడు అది నీ చేతిలో ఇంకో పనిముట్టు అవుతుంది. నచ్చకపోతే పక్కన పెట్టేస్తావు, కూడు దాని మీద ఆధారపడదు.

ఇక డబ్బు సంగతి. ఆ 35 వేలు నాన్నను అడ్మిషన్ నాటికి ఉంచమను. తెలంగాణ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీకు అర్హత ఉందేమో చూసుకో. అది కాకపోతే బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది, చదువును బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. అమ్మ బీడీ కార్మికురాలని గుర్తింపు కార్డు కావాలి. ఆ కార్డులు ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉంటాయి, గడువు దగ్గరికొచ్చాక వెతికితే దొరకవు.

అమ్మ మెడ మాత్రం నీ అడ్మిషన్ దాకా ఆగదు కదా. గోడకు వీపు ఆనించి కూర్చోమను. చాట కింద దిండు పెట్టి ఎత్తు చెయ్, తల అంతగా వంగదు. ప్రతి అరగంటకూ నువ్వే పిలిచి లేపు, తిట్టినా సరే. పొద్దుగూకాక వేడి కాపడం పెట్టు. చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే మాత్రం ఆలస్యం చేయకుండా జగిత్యాలలో పెద్దాసుపత్రిలో చూపించు. ఇవన్నీ చేస్తూ మధ్యాహ్నం ఒక గంట పడుకోబెట్టి మెడ నిమిరితే నిమురు, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఒక పని చెయ్. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఓపీ దగ్గర ఒక పూట కూర్చో. పక్షవాతం వచ్చిన ముసలాయనకు ఒకే చెయ్యి యాభైసార్లు ఎత్తించడం చూస్తావు. క్యాంపులో చూసినంత ముచ్చటగా ఉండదది. అది చూశాక కూడా చేయాలనిపిస్తే హనుమకొండ వచ్చి నన్ను కలువు. అమ్మ బీడీ కార్డు జిరాక్సు తెచ్చుకో, ఫారాలు ఇక్కడే నింపుదాం.