కత్తెర పట్టే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

బరంపురంలో కొత్తింటి పెరడంతా పొదలు పెరిగిపోయాయని, ఆదివారం అన్నీ కత్తిరించేస్తానని ఫోన్‌లో అన్నావు. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. అన్నిటికీ ఒకేరోజు కత్తెర వేయకమ్మా. ఏ మొక్క ఏ నెలలో, ఏ కొమ్మకి పూస్తుందో చూసుకోవాలి.

మీ మల్లెపొదనే తీసుకో. అంతకుముందున్నవాళ్లు మార్చిలో నరికారట, అందుకే వేసవంతా పూలు లేవు. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురుకే. ఆ చిగుళ్లే తీసేస్తే ఇంకేం పూస్తుంది? ఇప్పుడు కార్తీకం కదా, నెలాఖరు నుంచి దానికి నీళ్లు మానెయ్యి. పదిహేను రోజుల్లో ఆకు వడలిపోతుంది, భయపడకు. అప్పుడు మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, మొదలు చుట్టూ తవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి తడిపెట్టు. ఫాల్గుణానికి మొగ్గలు చూస్తావు.

గులాబీకి మాత్రం ఇదే అదను, వానలు వెనకబట్టాయి. కొమ్మ ఎండిందో లేదో తెలియకపోతే గోటితో గీరు. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, గోధుమరంగైతే తీసెయ్యి. ఆకు పుట్టిన చోట ఎర్రగా గింజంత కన్ను ఉంటుంది. పొదకి బయటివైపు చూసే కన్ను వెతుక్కొని, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా, ఒక్క కోతతో తెంపు. మరీ ఆనించి కోస్తే కన్ను ఎండుతుంది. ఎత్తుగా వదిలితే ఆ మోడు ఎండి, ఎండు కిందికి దిగుతుంది. మొక్క మారినప్పుడల్లా కత్తెరను స్పిరిట్‌తో తుడువు, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటకుండా.

మందారాన్ని మాఘం దాకా ముట్టుకోకు. అప్పుడైనా మూడో వంతుకి మించి తీయొద్దు. పారిజాతం పూత పూర్తిగా ఆగాకే. గన్నేరు పాలు విషం, చేతులకి తొడుగులు వేసుకో, కోసిన కొమ్మలు ఆవులకి అందనీయకు.

ఇక గోడపక్క నందివర్ధనం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఇక్కడ మన పెరట్లో ఉన్న నందివర్ధనం కొమ్మ విరిగి, బెరడు మూరెడు పొడవున మాను మీదికి చీలిపోయింది. ఆ గాయం మానడానికి రెండేళ్లు పట్టింది. పైనుంచి ఒకేసారి కోసినా బరువుకి అలాగే చీలుతుంది. ముందు కింద నుంచి గాటు పెట్టి, కొమ్మ కొసవైపు కాస్త జరిగి పైనుంచి కోయాలి, మిగిలిన ముక్క తర్వాత తీయాలి. దానికి మామూలు కత్తెర చాలదు. నా దగ్గర చిన్న రంపం ఉంది, పౌర్ణమి వెళ్లాక పట్టుకొస్తాను. అంతదాకా ఆ చెట్టు జోలికి వెళ్లకు తల్లీ.

మీ మామయ్య