కొత్త సూపరింటెండెంటుకు

అమ్మా,

కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో బల్ల నిండా ఫైళ్లుంటాయి. వాటికంటే ముందు ఒకటి కనుక్కో: వార్డులో పొరపాటు జరిగితే ఆ మాట నీదాకా ఎవరి నోటి నుంచి వస్తోంది? చేసినవాళ్లే వచ్చి చెబుతుంటే మంచిదే. రోగి బంధువులు గొడవకు దిగాక గానీ తెలియడం లేదంటే, లోపల భయం ఉందన్నమాట. నెలంతా ఒక్క రిపోర్టూ రాకపోతే సంతోషించకు. అమెరికాలో పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలిస్తే, కలివిడిగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. వాళ్లు దాచుకోకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆవిడ తేల్చారు.

రాత్రి రెండింటికి ట్రేలోంచి ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందుండే చిన్న సీసా) తీసే నర్సు చేతిని ఊహించుకో. స్టెరైల్ వాటరూ, పొటాషియం క్లోరైడూ రెండూ 10 మిల్లీలీటర్లవే. రెండూ నీళ్లలా తేటగా ఉంటాయి, వాటి మీద అక్షరాలు సన్నం. మొదటిది పొడి మందు కలపడానికి. రెండోది పలుచన చేయకుండా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. సిరంజిలోకి లాగాక లేబుల్ చూసి ఆగిపోయిందనుకో. పొద్దున్నే వచ్చి నీతో చెప్పినప్పుడు "చూసుకోవద్దా?" అన్నావా, ఆ వార్డు నుంచి మరో మాట నీ దాకా రాదు. "చెప్పి మంచిపని చేశావు, ఆ ట్రే చూపించు" అను. వెంటనే వెళ్లి చూడు.

తర్వాత మెమోలతోనూ ట్రైనింగు క్లాసులతోనూ సరిపెట్టకు. మనిషిని జాగ్రత్తగా ఉండమన్నంత మాత్రాన ఆంప్యూల్ అక్కడినుంచి కదలదు. గాఢమైన పొటాషియాన్ని మామూలు వార్డుల నుంచి తీయించేసి, పలుచన చేసిన సీసాలే పంపించు. ఐసీయూలో తప్పదంటే విడిగా తాళం వేయించి, ఇద్దరు చూశాకే ఎక్కించేలా కట్టడి చెయ్యి.

విచారణలో "ఎవరు చేశారు" అని మొదలుపెడితే అందరూ కేస్ షీట్లు దిద్దుకోవడంలో పడతారు. చెయ్యి జారితే మనిషికి ధైర్యం చెప్పి పద్ధతి మార్చాలి. రోగి పేరున్న చేతి పట్టీ చూడకుండా మందివ్వడం లాంటి అడ్డదారి అలవాటైపోతే, ఎందుకు తొక్కాల్సి వచ్చిందో అడగాలి. తరచుగా ఆ షిఫ్టులో మనుషులు చాలకపోవడమే బయటపడుతుంది, దానికి జవాబు చెప్పాల్సింది నువ్వే. ప్రమాదమని తెలిసీ లెక్కచేయనివాళ్ల మీద మాత్రం చర్య తీసుకో, వాళ్లు ఎంత పెద్ద డాక్టరైనా సరే.

రిపోర్టు ఫారం ఒక్క పేజీ దాటనీయకు. పేరు రాయడం వాళ్ల ఇష్టం. వారంలోగా ఏం మార్చారో ఆ వార్డు గోడమీదే అంటించు. జవాబు రాని పెట్టెలో రెండోసారి ఎవరూ కాగితం వేయరు.

ఇక ఆపరేషన్ థియేటర్ (ఓటీ). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో 19 అంశాలే ఉన్నాయి: మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి ఓటీ దాటే ముందు ఆగి చదవాలి. చెడేదెక్కడంటే, ఉదయమే టిక్కులన్నీ పెట్టేసి ఫైల్లో పెట్టడం. అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్లి మూలన నిలబడి చూడు. గాజుగుడ్డల లెక్క ఒకటి తగ్గిందని నర్సు అంటే సర్జన్ చెయ్యి ఆగుతోందా, "కుట్లు వేస్తున్నా కనబడట్లేదా" అని కసురుతున్నాడా? కసిరితే ఆ రోజే, తలుపు వేసి, సూటిగా చెప్పు. కసురు తిన్న మనిషి మర్నాడు లెక్క తగ్గినా నోరు విప్పదు, గుడ్డ కడుపులో ఉండిపోతుంది.

రోగికి హాని జరిగిన రోజు కుటుంబాన్ని కూర్చోబెట్టి, తెలిసినంతవరకు నువ్వే చెప్పు, క్షమాపణ అడుగు, మళ్లీ ఎప్పుడు కలుస్తావో తేదీ చెప్పు. అదే సాయంత్రం ఆ మందిచ్చిన నర్సు దగ్గరికీ వెళ్లు. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకు. మళ్లీ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు పక్కన ఒక సీనియర్‌ను ఉంచు.