మే నెల అన్నావట కదా, బిడ్డా

చంద్రపూర్

బిడ్డా,

నీ నాలుగు ఆవుల గర్భంలో ల్యాబ్‌లో తయారైన పిండాలు పెట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సిరోంచ పల్లెల్లో సైకిల్ మీద తిరిగి పశువులకు చూడి కట్టే సూదులు (కృత్రిమ గర్భధారణ) వేసిన మామను, వినగానే ఛాతీ ఉబ్బింది. మే నెలలో అనగానే దడ పుట్టింది.

నీడ, నీళ్లు, దాణా సంగతి నీకు తెలుసు.

ఎండాకాలం సూది కంటే పిండమే నయం, ఒప్పుకుంటా. మొదటి ఒకటి రెండు రోజుల పిండం వేడికి తట్టుకోదు. ఏడో రోజుది పెడతారు కాబట్టి ఆ గండం ల్యాబ్‌లోనే గడుస్తుంది. కానీ అండం ఏ ఆవుది, ఏ నెలలో తీశారు అని అడుగు. ఎండదెబ్బ తిన్న అండాలు వాతావరణం చల్లబడ్డాక కూడా కొన్ని వారాలు తేరుకోవు. హెచ్ఎఫ్ (నలుపు తెలుపు విదేశీ జాతి) అయితే మరీ కష్టం. గిర్, ఒంగోలు లాంటి మన జాతులు కొంత ఓర్చుకుంటాయి.

ఇక నా తప్పు విను. ప్రాణహిత నదిని పడవ మీద దాటే రోజులు. మీ పక్కూరి రైతుకు ఒక సంకరజాతి ఆవు ఉండేది. పొద్దున తీగలు (ఆవు ఎదకొచ్చిన గుర్తు) చూశానని కబురంపేవాడు, పుస్తకంలో ఉన్నట్టే నేను సాయంత్రం సూది వేసేవాణ్ణి. ఆ ఎండాకాలం మూడుసార్లు వేశా, మూడూ పోయాయి. గొడ్డుదన్నాను. నా మాట నమ్మి అమ్మేశాడు.

మరుసటి ఎండాకాలం ఒక పెళ్లికి వెళ్లి వాకిట్లో పడుకున్నా. పగలంతా నీరసంగా పడున్న ఆ ఇంటి ఆవు పొద్దుగూకాక పక్కది ఎక్కితే కదలకుండా నిలబడింది, అంటే ఎదలో ఉందన్నమాట. అరుపు లేదు. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు నెమరేస్తోంది. నేనెప్పుడూ ఒక రాత్రి ఆలస్యంగా వెళ్లానన్నమాట! ఎండ తప్పు కొంత, నా తప్పు ఎక్కువ. ఆ కార్తీకంలో కాళేశ్వరం స్నానానికి వెళ్తే అవతలి ఒడ్డున నేను గొడ్డుదన్న ఆ ఆవే, పక్కన దూడ. పాత యజమానికి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

పిండం పెట్టేది ఎద వచ్చిన ఏడో రోజున. ఎద ఎప్పుడొచ్చిందో రాత్రి లెక్క తప్పితే పిండం ఎంత మంచిదైనా నిలవదు. హార్మోన్ సూదులతో అన్నిటినీ ఒకేసారి ఎదకు తెస్తానని డాక్టరంటాడు. తెచ్చినా కొట్టంలో రాత్రి ఎవరైనా మేలుకోవాలి. నువ్వొక్కదానివే మేలుకుని పొద్దున పాలు పితుకుతావా, మొండిదానా? నేనొస్తా, నాకెలాగూ నిద్ర పట్టదు. టార్చికి కొత్త సెల్స్ కొని పెట్టు.

ఒకటి నిలవకపోతే మాత్రం ఏ ఆవునీ అమ్మకు. ముందు నాకు ఫోన్ చెయ్.

మీ మామ