టెక్సస్‌లో కంజు పిట్టల వేట: తుపాకీ కన్నా ముందు కుక్క

"డల్లాస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాను, క్వెయిల్ (కంజు పిట్టల) వేటకు వెళ్లొచ్చా? సీజన్ ఎప్పుడు? ఏ తుపాకీ కొనాలి?" అని అడిగారు. వెళ్లొచ్చు. నేను మొదలుపెట్టింది హెచ్-1బీలో ఉన్నప్పుడే. అయితే ఆ వీసా మీదున్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. అది చేతికి వచ్చేదాకా ఫ్రెండ్ తుపాకీ కూడా ముట్టుకోకండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. లైసెన్స్ మీద అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (ఇలాంటి పిట్టల వేటకు విడిగా తీసుకునే అనుమతి) అదనం. సీజన్ అక్టోబర్ చివరనో నవంబర్ మొదట్లోనో మొదలై ఫిబ్రవరి చివరిదాకా. రోజుకు 15 పిట్టలు.

తుపాకీ తర్వాత చూసుకోవచ్చు, ముందు మంచి పాయింటర్ కుక్క (పిట్ట ఎక్కడుందో వాసన పట్టి కదలకుండా నిలబడి చూపించేది) ఉన్నవాళ్లతో పరిచయం పెంచుకోండి. టెక్సస్‌లో భూమి చాలావరకు ప్రైవేటే, అనుమతి లేకుండా కాలు పెట్టలేం. నన్ను మా ఆఫీసులోని ఒక పెద్దాయన ఎబిలీన్ ఊరి దగ్గర తాను వేటకు లీజుకు తీసుకున్న భూమికి తీసుకెళ్లాడు. మెస్కీట్ ముళ్ల పొదల మధ్య ఆయన కుక్క పరుగెడుతూ పరుగెడుతూ కొయ్యబారిపోయింది. ముందు కాలు గాల్లో, తోక నిటారుగా, ముక్కు ఒక గడ్డి దుబ్బు వైపు. వెనకాల వస్తున్న రెండో కుక్క దాన్ని చూసి ఉన్నచోటే ఆగిపోయింది. మేం నాలుగడుగులు వేశామో లేదో బాబ్‌వైట్ (క్వెయిల్‌లో ఒక రకం) పిట్టల గుంపు కాళ్ల కిందనుంచి బుర్రుమని లేచింది. గుండె ఝల్లుమంది. గుంపు మీదకు కాల్చకుండా ఒక్క పిట్టనే ఎంచుకుని గురి చూడమని ఆయన ముందే చెప్పాడు. అలాగే చేశాను, పడింది. అది దొరికేదాకా ఆయన ఎవర్నీ కదలనివ్వలేదు. పడ్డ పిట్టను వెతకాలని చట్టమూ చెబుతుంది.

తర్వాత దాని గొంతు కింద గింజల తిత్తి చీల్చి అరచేతిలో పోశాడు. అన్నీ రాగ్‌వీడ్, క్రోటన్ గింజలే. వెంటనే కుక్కల్ని ఆ మొక్కలున్న వైపు తిప్పాడు. ఇంతకు మించిన టిప్ ఏ యూట్యూబ్ వీడియోలోనూ నాకు దొరకలేదు.

మనవాళ్లకు ఎన్ని కొట్టారన్నదే లెక్క, అది నాకు అస్సలు నచ్చదు. చట్టం 15 దాకా ఒప్పుకుంటుంది, అంతమాత్రాన 15 కొట్టి తీరాలనేముంది? వానల్లేని ఏడాది పిట్టలే తక్కువ, అప్పుడు కూడా ఒకే గుంపును వెంటాడి ఖాళీ చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. చెదిరిన పిట్టలు సాయంత్రం ఒకదాన్నొకటి పిలుచుకుని చేరతాయి. తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి వలయంగా ఒదిగి పడుకుంటాయి. చలిరాత్రి వాటికి ఆ వెచ్చదనమే ఆధారం. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు గానీ పొద్దుగూకడానికి గంట ముందే ఆపేయండి.

తుపాకీ అంటారా, 20 గేజ్ షాట్‌గన్ చాలు, ఏడున్నర లేదా ఎనిమిదో నంబర్ షాట్ (చిన్న గుళ్లు) వాడండి. ఎవరి పొలమైనా నారింజ రంగు చొక్కా, టోపీ మానొద్దు. ఎండ కాసే రోజుల్లో రాటిల్ స్నేక్‌లు బయటికొస్తాయి, మోకాలిదాకా స్నేక్ గార్డులు తొడుక్కోండి. 17 ఏళ్లు నిండినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఈ వారమే పూర్తిచేసేయండి.