రికార్డు చేసిన ముచ్చట్లను పుస్తక భాషలోకి దిద్దొద్దు

తమ్మీ, నర్సంపేట దిక్కు రైతుల ముచ్చట్లు రికార్డు చేసినవు, రాయబోతే వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియక అన్నీ పుస్తక భాషలోకి దిద్దేశానన్నావు కదా. ఆ దిద్దిన కాపీ పక్కన పెట్టి మళ్లీ ఆడియో దగ్గరికే వెళ్లు. మాటలో ఫుల్‌స్టాప్ ఉండదు, అందుకే వాలెస్ చేఫ్ లాంటి భాషా శాస్త్రవేత్తలు వాక్యాన్ని వదిలేసి, ఒక్క ఊపులో ఒకే రాగంతో వచ్చే ముక్కను యూనిట్‌గా తీసుకున్నారు. నువ్వూ ఒక్కో ముక్కను ఒక్కో లైన్‌లో రాయి, సగం టెన్షన్ పోతుంది.

'ఆఁ', 'గదే', మధ్యలో తెగిన మాట, రెండుసార్లు అన్న మాట, ఏదీ తీసెయ్యకు, మనిషి ఆలోచిస్తూ మాట్లాడటం కనిపించేది వాటిలోనే. సంభాషణలను విశ్లేషించిన పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ పద్ధతిలో మౌనాన్ని కూడా సెకనులో పదో వంతు లెక్కన, 0.4 అని, బ్రాకెట్లో రాస్తారు, ఇద్దరి మాటలు ఒకదానిమీద ఒకటి పడితే చదరపు బ్రాకెట్, సాగదీస్తే కోలన్.

ఆడియో వింటూ రాసుకునే సాఫ్ట్‌వేర్ అంటే ఈలాన్ (ELAN) చాలు, ఉచితమే, ఒక్కొక్కరి మాట ఒక్కో వరుసలో ఆడియోకు అతికి ఉంటుంది. గొంతు ఎత్తుపల్లాలు కొలవాలంటే ప్రాట్ (Praat) అనే సాఫ్ట్‌వేర్ వాడు.

ఇక మైకు చూసి బిగుసుకుపోతున్నారన్నావు. భాషా శాస్త్రవేత్త విలియం లాబోవ్ న్యూయార్క్‌లో జనాన్ని చావు అంచుదాకా వెళ్లొచ్చిన సంఘటన చెప్పమని అడిగేవాడు, చెప్పే ఆవేశంలో మైకును మర్చిపోతారని. నువ్వు మేడారం జాతరలో తప్పిపోయిన ముచ్చట అడిగి చూడు. రికార్డింగ్ మాత్రం ధ్వనిని కుదించని వేవ్ (WAV) ఫైల్‌గానే చెయ్యి, వాట్సాప్ ఆడియో ఈ పనికి పనికిరాదు.