వాడి చేత "ఆంటీ" అనిపించకండి

ఉగాండాలో జింజా పట్టణానికి దగ్గరలో ఉన్న ఒక అనాథాశ్రమంలో భర్తతో కలిసి మూడేళ్లుగా సేవ చేస్తున్న ఒక తల్లి ఉత్తరం రాశారు. ఆమెది గుంటూరు జిల్లా, వృత్తి నర్సు. భర్త పాస్టరు. ఆశ్రమంలో నలభై ఒక్కమంది పిల్లలున్నారు. తమ ఎనిమిదేళ్ల కొడుకు కూడా వారితోపాటే హాలులో పడుకోవాలని, వరుసలో నిలబడి పళ్లెం అందుకోవాలని, అందరిలాగే తల్లిని "ఆంటీ" అని, తండ్రిని "అంకుల్" అని పిలవాలని వెళ్లిన కొత్తలోనే భర్త నియమం పెట్టారు. ఈమధ్య ఆ బాబు స్టోరు గదిలోంచి బిస్కెట్లు దొంగిలిస్తున్నాడు, పక్క తడుపుతున్నాడు. తెనాలి పంపి హాస్టల్లో చేర్చమని పుట్టింటివారు, తండ్రి ఉన్నచోటే బిడ్డ ఉండాలని అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

ఇద్దరి మాటా వినవలసిన పని లేదు. హాస్టలు విషయం ఇక్కడితో వదిలేద్దాం. మన దక్షిణాదిలో పనిచేసే అమెరికా మిషనరీల పిల్లల కోసం 1901లో కొడైకెనాల్‌లో ప్రత్యేకంగా బడే వెలిసింది. అంటే బిడ్డను దూరంగా ఉంచి సేవ చేయడం కొత్తేమీ కాదు. అయితే ఆ పిల్లలు సెలవులకు ఇంటికి వస్తే అమ్మను అమ్మా అనే పిలిచి ఉంటారు. మీ బాబుకు ఒకే ఆవరణలో ఉంటూ కూడా ఆ పిలుపు లేదు. వాడిని తెనాలి పంపితే బిస్కెట్ల సంగతి మీ కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపినది దొంగతనం కాదు. నాలుగు పేజీల పొడవునా మీ భర్తను మీరు "అయ్యగారు" అనే రాశారు. సంఘంలో పాస్టరును అలా పిలవడం మర్యాదేనని నాకు తెలుసు. పదిమంది ముందు మీరూ అలాగే అనవచ్చు. కాని నాకు రహస్యంగా రాసుకున్న ఉత్తరంలో, బిడ్డ గురించి ఏడుస్తూ రాసిన వాక్యంలో కూడా ఒక్కసారైనా "మా ఆయన" అన్న మాట రాలేదు. "అయ్యగారు నిర్ణయించారు, నేను సరే అన్నాను" అని రాశారు. మీరు ఆయనకు భార్యగా జవాబు చెప్పడం మానేసి, సంఘ సభ్యురాలిగా తల ఊపడం మొదలుపెట్టారు. సమస్య మీ ఇద్దరి మధ్య ఉంది. బాబు దాన్ని తన పక్క మీద చూపిస్తున్నాడు.

మీ రోజు ఎలా గడుస్తుందో మీరే రాశారు. తెల్లవారుజామున లేచి మొక్కజొన్న పిండి జావ కాచడం, బోరింగు దగ్గర పసుపుపచ్చ జెర్రీక్యాన్లు నింపించడం, బడికి వెళ్లేవారి యూనిఫారాలు చూడడం, మధ్యాహ్నం పోషోకూ (మొక్కజొన్న పిండి ముద్ద) చిక్కుడు గింజలకూ పొయ్యి దగ్గర నిలబడడం, జ్వరం వచ్చినవారికి మలేరియా పరీక్ష చేయడం, సాయంత్రం వరుసగా కూర్చోబెట్టి వారి పాదాల్లో దూరిన జిగ్గర్ పురుగులను సూదితో ఒక్కొక్కటిగా తీయడం, రాత్రి దోమతెరల అంచులు పరుపుల కిందికి దోపడం. ఇంత పని చేసే మనిషి చేతులకు నేను నమస్కరిస్తాను. అయితే జిగ్గర్లు తీసే వరుసలో మీ బాబు కావాలని చివరన నిలబడతాడని మీరొక మాట రాసి, దాటి వెళ్లిపోయారు. వెనక ఎవరూ లేకపోతే అమ్మ చేతిలో తన పాదం ఇంకొంచెంసేపు ఉంటుందని వాడి లెక్క. దొంగిలించిన పొట్లాలు కూడా వాడి మంచం కింద దొరకలేదు. మీ పెట్టెలో, చీరల మడతల మధ్య దొరికాయి. అక్కడ దాచుకుంటే తీసుకోవడానికి మళ్లీ మీ గదికి రావచ్చు. దానికి మీ భర్త ఉదయ ప్రార్థనలో వాడిని అందరి ముందూ నిలబెట్టారు, మీరు ఆ పెట్టెకు తాళం వేశారు.

ఇది నాకు తగిలిన చోటు చెప్పకుండా సలహా ఇవ్వడం న్యాయం కాదు. మా నాన్నగారు ఒక వసతిగృహానికి వార్డెనుగా ఉన్న ఏడేళ్లూ మేము ఆ ఆవరణలోనే ఉన్నాం. పిల్లలందరి ముందూ నేను ఆయనను "సార్" అనాలి. ఒక సాయంత్రం నూతి గట్టు దగ్గర జారిపడి మోకాలు చీరుకుపోతే కూడా "సార్" అనే ఏడ్చాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. నాన్నగారి మీద కోపం ఎప్పుడో పోయింది. అమ్మ ఆ రోజు ఒక్క అడుగు ముందుకు వేయలేదన్నది మాత్రం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

మీ భర్త ఉద్దేశం చెడ్డదని నేను అనను. తల్లిలేని పిల్లల కళ్లముందు తన బిడ్డ తల్లి ఒడిలో కూర్చుంటే వారి మనసు నొచ్చుకుంటుందని ఆయన భయం. కాని నెలకోసారి బంధువులు చూడవచ్చే ఆదివారం గురించి మీరు రాసినదే ఆయనకు చెప్పండి. అక్కడివారు జాజ్జా అని పిలిచే అమ్మమ్మలూ నాయనమ్మలూ పనసకాయలు, అరటిపండ్లు మోసుకుని వస్తారు. ఆ పిల్లలు మోకాళ్ల మీద వంగి పలకరించి, ఆ తరువాత వారి ఒడిలో దూరిపోతారు. మిగిలినవారు నొచ్చుకుంటారని ఏ జాజ్జానూ మీరు ఆపలేదు, ఆపకూడదు కూడా. ఆ ఆదివారం ఎవరూ రానివారిలో మీ బాబు కూడా ఉన్నాడు, కన్నవారిద్దరూ ఆ ఆవరణలోనే ఉండగా.

పైగా ఉగాండా ప్రభుత్వం 2012లో తెచ్చిన ప్రత్యామ్నాయ సంరక్షణ విధానం ప్రకారం బిడ్డకు మొదట కుటుంబం, బంధువులు. సంస్థ అన్నది చివరి మార్గం. మీ ఆశ్రమం నుంచి కిందటేడు ఆరుగురిని వారివారి బంధువులకు అప్పగించామని రాశారు. పరాయి బిడ్డలను కుటుంబాలకు చేర్చే చేతులతో సొంత బిడ్డను సంస్థలో చేర్చుకోవడం ఏ ధర్మం?

ఇది దేవుని పని కదా అని ఆయన అనవచ్చు. కొర్బాను మాట ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఇది దేవునికి అర్పితమైపోయిందని చెప్పి, కన్నవారికి చెందవలసినదాన్ని ఎగవేసేవారిని యేసు ఎంత గట్టిగా మందలించాడో ఆయన ఎన్నోసార్లు బోధించే ఉంటారు. ఆ మాట కన్నబిడ్డకు వర్తించదా అని అడగండి.

మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీని మనం తలుచుకుంటాం. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. ఆయన భార్య డొరొతీ మొదట ఇండియాకు రానన్నది, చివరకు చెల్లెలు తోడు వస్తేనే ఒప్పుకుని 1793లో బయలుదేరింది. మరుసటి ఏడు ఐదేళ్ల కొడుకు పీటర్ రక్తవిరేచనాలతో పోయాడు. ఆమె మతి చలించింది, 1807లో కన్నుమూసేవరకూ కోలుకోలేదు. మీకు అంతటి కష్టం వస్తుందని నేను భయపెట్టడం లేదు. రానన్నప్పుడు ఆమె కనీసం ఆ మాట పైకి అన్నది. మీరు మూడేళ్లలో ఒక్కసారైనా అన్నారా?

మూత్ర పరీక్ష మీరే చేయగలరు, ముందు అది చేయండి. ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోతే ఆ తడిసిన దుప్పటి బాబు చేత ఉతికించడం ఆపండి. వాడి మంచం మీ గదిలోకి తెచ్చుకోండి. పళ్లెం అందరితో పాటు వరుసలోనే అందుకోనివ్వండి, పనిలో వాటా అందరిలాగే చేయనివ్వండి. అక్కడ మీ భర్త న్యాయం సరైనదే. పిలుపు మాత్రం అమ్మా, నాన్నా.

ఈ మాటలు మీ భర్తకు మీ నోటితో మీరు చెప్పాలి. నా ఉత్తరం చూపించి తప్పుకోకండి, మీ అమ్మగారి చేత ఫోను చేయించకండి. దోమతెరలు సర్ది వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుని, అయ్యగారూ అని కాకుండా, పెళ్లైన కొత్తలో ఎలా పిలిచేవారో అలా పిలిచి మొదలుపెట్టండి. ఆయన ఏ జవాబు చెప్పినా సరే, రేపటి నుంచి ఆ చీరల పెట్టెకు తాళం వేయకండి.