‘ఏం ఫాల్ట్ లేదమ్మా’ అని పోయినాయనకు ఇచ్చిన పైసలు ఎవరివి?

ప్రశ్న: మేం హన్మకొండలో మా ఆయన చిన్నాయన ఇంట్లో, కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాం. నెలకు 8,000. అడ్వాన్స్ 16,000. చుట్టాలమే కదా అని కాగితం రాసుకోలేదు. మూడు నెలల్లో మూడుసార్లు రిపేరుకు ఫోన్ చేశాను. మొదట బాత్‌రూం నల్లాలు బందయ్యాయి. ప్లంబర్ మిద్దె మీది వాల్వు తిప్పి 300 తీసుకున్నాడు. ట్యాంకు కడిగించి అప్పటికి రెండు రోజులే. తర్వాత గీజర్ వేయగానే మెయిన్ పడిపోయింది. ఎలక్ట్రీషియన్ దాన్ని పైకి లేపి, ఏం ఫాల్ట్ లేదని 400 తీసుకున్నాడు. మూడోసారి రాత్రిపూట మాకే కరెంటు పోయింది, పైన వాళ్లకు ఉంది. ఫోన్ చేస్తే మామయ్యే మనిషిని పంపారు. అతను వచ్చేసరికి కరెంటు వచ్చేసింది, ఛార్జి 500. ఇప్పుడు ఆ 1,200 కిరాయితో కలిపి ఇమ్మంటున్నారు. చిన్నత్త చుట్టాల ముందే ‘నల్లా తిప్పుడు గూడ రాదు, ఊకె మెకానిక్‌లను పిలుస్తది’ అన్నది. మా ఆయనేమో ‘పెద్దోళ్లు, ఇచ్చేద్దాం పడేయ్’ అంటాడు. వంటింటి గోడకు చెమ్మ వస్తోంది, చెప్పాలంటే భయం. గీజర్‌కు మెయిన్ పడితే ఇప్పుడు నేనే లేపుకుంటున్నాను.

జవాబు: మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతాను. గీజర్ ఈ రోజు నుంచి వాడకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఫేజును, అంటే కరెంటు వచ్చే తీగను మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ తీగ గీజర్‌కు అలాగే కలిసి ఉంటుంది.

మీరు మెయిన్ అంటున్నది చాలావరకు ఆర్‌సీసీబీ అయి ఉంటుంది. దాని మీద ‘టెస్ట్’ అనో ‘టి’ అనో చిన్న బటన్ ఉంటే అదే. ఇళ్లలో సాధారణంగా పెట్టేది 30 మిల్లీ ఆంప్స్‌ది. ఆ మాత్రం కరెంటు ఎర్త్ వైపు జారితే తనంతట తాను పడిపోతుంది. మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టిందది. 15 లీటర్ల గీజర్ మామూలుగా 2,000 వాట్లది, తీసుకునేది దాదాపు 9 ఆంప్స్. అంత లోడుకు 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే చిన్న స్విచ్, ఒక్కో లైన్‌కు ఒకటి ఉంటుంది) పడిపోనక్కర్లేదు. పడుతున్నది ఆర్‌సీసీబీ అయితే లోడు సమస్య కాదు, కరెంటు లీకేజీ.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కడ్డీకి తెల్లగా సున్నం గడ్డ కడుతుంది. లోపల కడ్డీ మామూలు కంటే ఎక్కువ వేడెక్కి పైతొడుగు చిట్లుతుంది, ఆ చీలికలోంచి తేమ దూరుతుంది. చిక్కేమిటంటే ఈ లీకేజీ ఎప్పుడూ ఒకేలా ఉండదు, వేడినిబట్టి, తేమనుబట్టి మారుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి లేపితే నిలబడుతుంది, అతను వీధి దాటాక పడుతుంది. కాబట్టి ‘ఏం ఫాల్ట్ లేదు’ అన్నది పూర్తిగా చూసి చెప్పిన మాట కాదు, లేపి చెప్పిన మాట. ప్లగ్గు పీకి రెండు మూడు రోజులు చూడండి. మెయిన్ ఒక్కసారీ పడకపోతే దొంగ గీజరే. అప్పటికీ పడితే ఎంసీబీలన్నీ దించి, మెయిన్ లేపి, ఒక్కొక్కటీ పైకి వేస్తూ పోండి. దేనికి పడితే ఆ లైన్‌లో ఉంది. వచ్చే మనిషిని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) గీజర్ కడ్డీ, ఎర్త్ మధ్య ఇన్సులేషన్ చూడమనండి, రీడింగ్ కాగితం మీద రాయించండి. మెగ్గర్ లేని మనిషైతే ఈ పనికి వద్దు. ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ ఇస్తానంటే అసలే వద్దు.

ఇక పైసల సంగతి. మనిషి వచ్చి ఏమీ లేదన్నంత మాత్రాన పిలవడం అనవసరమైపోదు. చూడాల్సింది వేరే: ఫోన్ చేసే నిమిషంలో మీకు కనిపించేది ఎంత, మీ చేతికి అందేది ఎంత, ఇంట్లో దిగేటప్పుడు మీకు చూపించింది ఎంత. ఈ మూడూ వేసి చూస్తే మీ మూడు బిల్లులకు మూడు జవాబులు వస్తాయి.

వాల్వు 300: ట్యాంకు కడిగినప్పుడు కింది వాల్వు కట్టేసి, తర్వాత తిప్పడం మర్చిపోయినట్టుంది. వంటింట్లో నీళ్లు వస్తూ బాత్‌రూంలో మాత్రమే ఆగిపోయి ఉంటే మరీ స్పష్టం, ఆ లైన్ వాల్వు ఒక్కటే మూత పడింది. మిద్దె తాళం ఎవరి దగ్గర ఉంది? ఇంటివాళ్ల దగ్గరుంటే మీరు పైకి వెళ్లి చూసే దారే లేదు. ట్యాంకు కడిగించింది ఎవరైతే ఈ 300 వారిది. తాళం మీ దగ్గరే ఉండి, ఏ వాల్వు దేనిదో ముందే చూపించి ఉంటే మాత్రం మీది. ఇకముందు నీళ్లు ఆగితే వాల్వుతో పాటు ఇంకొకటి గుర్తుంచుకోండి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండితే పైపులో గాలి చిక్కుకుంటుంది. నల్లా బుస్సుమంటుంది కానీ నీరు రాదు. అన్నిటికంటే కింద ఉన్న నల్లా, వాకిట్లోదో బట్టలుతికే దగ్గరిదో, పూర్తిగా తిప్పి కాసేపు వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

గీజర్ 400: పైన చెప్పిందే. లోపం ఉంది, పట్టుకోలేదు. అది ఇంటితో వచ్చిన వస్తువు, పాడైంది నీళ్ల వల్ల, వాడకం వల్ల. మీరు పగలగొట్టింది కాదు. ఈ 400 ఇంటివాళ్లదే. ఇంకా చెప్పాలంటే, లోపం గీజర్‌లోనే అని తేలితే ఆ ఎలక్ట్రీషియన్ రెండోసారి వచ్చినందుకు మళ్లీ విజిటింగ్ ఛార్జి అడగకూడదు. అదే కంప్లయింట్ మీద నెలలోపు రెండోసారి వస్తే రాక ఖర్చు వద్దని మామయ్య గట్టిగా అడగొచ్చు.

రాత్రి కరెంటు 500: పైన లైట్లు వెలుగుతుంటే మన పోర్షన్‌లోనే ఏదో కాలిపోయిందనుకోవడం సహజం. కానీ రెండు పోర్షన్లకు వేరే వేరే మీటర్లుంటే, స్తంభం నుంచి వేరే వేరే ఫేజులు ఇచ్చి ఉండొచ్చు. మీ ఫేజు ఒక్కటే పోతే మీకు చీకటి, వాళ్లకు వెలుగు. మీటరు దగ్గరికి వెళ్లి చూడండి. డిస్‌ప్లే, ఎర్ర లైటు రెండూ ఆరిపోయి ఉంటే మామూలుగా లోపం మీటరుకు అవతల ఉన్నట్టు. స్తంభం నుంచి మీటరు దాకా కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ వాళ్ల పని. 1912కు ఫోన్ చేసి, బిల్లు మీది సర్వీస్ నంబర్ చెబితే చాలు. ఆ నంబర్ మీటరు పక్కనే గోడకు రాసి పెట్టుకోండి, చీకట్లో బిల్లు వెతకలేరు. మీటరు వెలుగుతూ ఇంట్లో చీకటైతే అప్పుడు ఎలక్ట్రీషియన్. ఆ రాత్రి మీరు మీటరు చూడలేదు, మామయ్య ఒక్క ప్రశ్న అడక్కుండా మనిషిని పంపారు. లెక్కగా చూస్తే చెరి సగం. కానీ నా మాట వింటే ఈ 500 పూర్తిగా మీరే ఇవ్వండి, వాళ్లు మళ్లీ అడగకముందే. మిగతా 700 గురించి మాట్లాడటానికి మీకు అప్పుడే నోరు లేస్తుంది.

చట్టం ఏమంటుందని చుట్టాల్లో ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి అదీ తెలిసి ఉండాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును మీరు చెప్పాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చు. ముందు చెప్పి ఉండటం తప్పనిసరి. మెకానిక్ వచ్చిపోయిన ఛార్జి గురించి అందులో మాట లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఎవరి పనులు ఎవరివో జాబితా ఉంది. పైపులు మార్చడం, వైరింగ్, గోడలకు సున్నాలు ఓనరువి. నల్లా వాషర్లు, స్విచ్‌లు, గీజర్ రిపేరు కిరాయిదారువి. అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఎవరినీ కట్టిపడేయదు. గీజర్ విషయంలో మీకే ఎదురు తిరిగే కాగితం, దాన్ని మీ అంతట మీరు బయటికి తీయకండి. ఇక 700 కోసం కోర్టు మెట్లెక్కడం అనే ఆలోచనే వద్దు. అలాగని మీరు చెప్పకుండా కిరాయిలో కోసుకోవడం గానీ, వాళ్లు మిమ్మల్ని అడక్కుండా అడ్వాన్స్‌లో పట్టుకోవడం గానీ కుదరదు.

మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. ‘పెద్దోళ్లు’ అని ఆయన తప్పుకుంటే, ఇంటి కోడలు పైసల కోసం కొట్లాడిందన్న పేరు మీకు మిగులుతుంది. చిన్నత్త మాటకు మీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ మాటనూ 1,200నూ ఒకే పంచాయితీలో పెడితే రెండూ తేలవు. చిన్నత్తతో తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు మీరే అనండి: ‘అత్తా, నాకు రానిది చెప్పుండ్రి, నేర్చుకుంట. పదిమందిల అనకుండ్రి.’ అంతకంటే ఎక్కువ వద్దు. మీ ఆయన మాత్రం కిరాయి ఇచ్చే రోజున ఒక్కరే పైకి వెళ్లి, 8,500 చేతిలో పెట్టి, ఇలా అంటే సరిపోతుంది: ‘చిన్నాయనా, కరెంటు మనిషి 500 మాది. వాల్వు ట్యాంకు కడిగినప్పటిది, గీజర్ ఇంకా పడుతనే ఉంది. ఆ రెండు నువ్వు చూసుకో. ఇగ ముందట ఎట్ల జేద్దామో ఒక కాగితం మీద రాసుకుందాం.’ ఫోన్‌లో వద్దు, ఫంక్షన్‌లో అసలే వద్దు.

కాగితం పెద్దగా ఉండక్కర్లేదు. 300 లోపు చిల్లర రిపేర్లు, వాషర్, ఫ్యాన్ కండెన్సర్, సింక్ జామ్ లాంటివి, మీవి. అంతకు మించినవి, గోడలు, పైపులు, వైరింగ్, మోటారు వాళ్లవి. పిలిచేముందు వాట్సాప్‌లో చిన్న వీడియో పంపాలి, దాన్ని చూసి ‘పిలువుండ్రి’ అని ఓనరు అంటే, ఏమీ లేదని తేలినా ఖర్చు ఓనరుదే. వీడియో పంపకుండా మీరు పిలిస్తే, ఏమీ లేకపోతే మీది. ఈ ఒక్క షరతుతో సగం గొడవలు పుట్టవు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నవాళ్లే పైసలు పెడతారు. మినహాయింపు ఒకటి రాయండి: నల్లా ముట్టుకుంటే షాక్, స్విచ్‌బోర్డులో కాలిన వాసన, బోర్డులోకి నీళ్లు, వీటికి ఎవరినీ అడగకుండా మెయిన్ దించి పిలవొచ్చు. గ్యాస్ వాసన వస్తే మెకానిక్ కాదు, రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికి వచ్చి 1906. దీంతోపాటు ఒక ఆదివారం మామయ్యతో మిద్దె మీదికి వెళ్లి ప్రతి వాల్వుకూ పెయింట్‌తో పేరు రాయించండి, మోటారు స్టార్టర్ ఎలా వేయాలో చూపించమనండి. తర్వాత ‘నల్లా తిప్పుడు రాదు’ అనే మాటకు చోటుండదు.

వంటింటి గోడ సంగతి మాత్రం ఆదివారం దాకా ఆపకండి. చెమ్మ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫొటో తీసి ఈ సాయంత్రమే మామయ్యకు పంపండి: ‘మామయ్యా, వంటింటి గోడకు చెమ్మ వస్తుంది, ఒకసారి చూడుండ్రి’. రెండు రోజులకు చెమ్మ గీత దాటితే ఇంకో ఫొటో. వాన లేని రోజుల్లో కూడా పెరిగితే పైపు లీకేజీ, లేదా ఆ గోడ మీదుగా వచ్చే పై పోర్షన్ బాత్‌రూం. వాన పడ్డప్పుడే పెరిగితే మిద్దెదో బయటి గోడదో. ఎటైనా అది గోడ పని, ఓనరు పని. ఆ గోడలో స్విచ్‌బోర్డు ఉంటే, ఆ బోర్డుకు మిక్సీ, ఫ్రిజ్ పెట్టడం ఇప్పుడే మానేయండి.